శాంతరాజు అడిగిన చందా

అంతోనమ్మ వంటింట్లో ఏ వస్తువూ పెట్టిన చోట ఉండేది కాదు. గరిటె కోసం చెయ్యి చాస్తే గరిటె ఉండదు. తాళాల గుత్తి కోసం చూస్తే మేకు మాత్రం ఉంటుంది. అడిగితే ఆమె భర్త శాంతరాజు చెప్పులేసుకుంటూ, "థియేటర్లో ఉందిలేవే, సాయంత్రం తెస్తా" అనేవాడు. ఆ సాయంత్రం ఒక్కోసారి వారానికి వచ్చేది.

ఆయన సినిమాలకి చప్పుళ్ళు చేసేవాడు. ఫిల్మ్‌నగర్ లోపలి సందుల్లో, షేక్‌పేట వైపు దిగే దారిలో వాళ్ళ ఇల్లు. ఆ సందులో ఎవరినడిగినా ఎఫెక్ట్స్ శాంతరాజు ఇల్లంటే చూపించేవాళ్ళు. సినిమా తీశాక మాటలు ఒకరు చెబుతారు, పాటలు ఒకరు పాడతారు. నడక, గాజులు, తలుపు, చీర కుచ్చిళ్ళు, చెంపదెబ్బ ఇవన్నీ ఎవరో ఒకరు మళ్ళీ చెయ్యాలి కదా. శాంతరాజు రికార్డింగ్ థియేటర్ చీకటి గదిలో తెర ముందు నిలబడి, హీరో నడిస్తే తనూ ఉన్నచోటే నడిచేవాడు. హీరోయిన్ నడిస్తే ఎత్తు మడమల చెప్పులేసుకుని తనే నడిచేవాడు. ఎవడి ఎముకో విరగాలంటే మైకు దగ్గర ములక్కాడ విరిచేవాడు. ఎంతమంది హీరోయిన్ల చేతుల్లో మోగాయో గానీ, ఆ గాజులు అంతోనమ్మవి.

"తెర మీద వాళ్ళకేమో వజ్రాలు. చప్పుడుకి నా మట్టిగాజులు కావాల్సొచ్చాయా నీకు?" అనేది ఆమె.

"బంగారం పలకదే పిచ్చిదానా. మట్టిగాజే పలుకుతుంది" అనేవాడు. సినిమా వచ్చాక ఆమెని హాలుకి తీసుకెళ్ళి, హీరోయిన్ చెయ్యి ఊపినప్పుడల్లా మోచేత్తో పొడిచేవాడు. ఆమె కథ చూడాలా, చెయ్యి చూడాలా?

మనిషి మెత్తన. చెయ్యి అంతకన్నా మెత్తన. సెట్లో పనిచేసేవాడి కూతురు పెళ్ళంటే ఇచ్చేవాడు, లైట్లు మోసేవాడి కాలు విరిగిందంటే ఇచ్చేవాడు. వినాయకుడి పందిరికీ, చర్చి రంగులకీ ఒకే చేత్తో ఇచ్చేవాడు. ఇట్లా అయితే పొయ్యి మీద ఎసరు తప్ప ఏమీ మిగలదని పెళ్ళయిన కొత్తల్లోనే గ్రహించి, డబ్బు వ్యవహారం అంతోనమ్మ తన చేతిలోకి తీసుకుంది. ఆయన సంతోషంగా అప్పగించాడు. ఆనాటి నుంచి టీ తాగాలన్నా ఆమెనే అడిగేవాడు. అడిగేటప్పుడు తల గోక్కునేవాడు. అది చూస్తే ఆమెకి నవ్వూ వచ్చేది, కోపమూ వచ్చేది.

తర్వాత థియేటర్లలోకి కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందూ ఉన్నాయి గానీ, ఈసారి వాటిలో చప్పుళ్ళు కూడా వచ్చాయి. తలుపు అని కొడితే వంద తలుపులు, వాన అని కొడితే వంద వానలు. మనిషిని పిలవడం దేనికి అనుకున్నారు. రోజూ మోగే ఫోను వారానికోసారి మోగేది, తర్వాత నెలకోసారి. గరిటెలు మాత్రం ఇంట్లోనే ఉంటున్నాయి. మొదట్లో అంతోనమ్మకి అది సుఖంగానే అనిపించింది. ఒకరోజు శాంతరాజు మధ్యాహ్నం పూట గడప మీద కూర్చుని, తన బూట్లన్నీ వరసగా పెట్టుకుని పాలిష్ పెడుతుంటే చూసింది. ఎక్కడికీ వెళ్ళేది లేదు. ఆ కంప్యూటర్ పెట్టెని తిట్టని రోజు లేదు అప్పట్నుంచి.

ఆయన తిట్టేవాడు కాదు. కూతురు దీనా మధురానగర్లో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. మొదటి జీతంలోంచి నాన్నకి ఫోను కొనిచ్చింది. అందులో తెలుగు వికీపీడియా ఎట్లా తెరవాలో కూడా చూపించింది. ఇక చూడాలి ఆయన సంబరం. గువ్వ గురించి చదివేవాడు, గోదావరి గురించి చదివేవాడు, గానుగ గురించి చదివేవాడు. చదివింది చదివినట్టు ఉండక, "ఏమే, విన్నావా" అంటూ కూర తరుగుతున్న ఆమె వెనక తిరిగేవాడు.

"పరీక్షలేమన్నా రాస్తున్నావా?" అనేది.

"ఎవరో ఊరూపేరూ లేనివాళ్ళు రాస్తారే ఇదంతా. ఒక్క పైసా తీసుకోకుండా. మనల్ని కూడా రాయమంటారు."

"ఒక్క పైసా తీసుకోకుండా పనిచేసేవాళ్ళు నీకు భలే దొరుకుతారు."

ఒకరోజు తిరగలి గురించిన పేజీ కనిపించింది. బొమ్మ ఉంది. శాంతరాజు దాన్ని అటూ ఇటూ జరిపి చూసి, "చప్పుడు లేదే దీనికి" అన్నాడు, పిల్లవాడికి చొక్కా వెయ్యకుండా బళ్ళోకి పంపారన్నట్టు. అంతోనమ్మకి పుట్టింటివాళ్ళు ఫిరంగిపురం నుంచి తెచ్చి ఇచ్చిన తిరగలి మంచం కింద ఉంది. దాన్ని బయటికి లాగాడు. కిటికీలకి దుప్పట్లు కట్టాడు. ఫ్యాను ఆపాడు, ఫ్రిజ్జు తీగ పీకేశాడు. ఆమెని కూర్చోబెట్టి పెసలు విసరమన్నాడు.

"మిక్సీ ఉండగా ఈ ఖర్మేంటయ్యా నాకు?"

"మాట్లాడకు. గాజులు కాస్త పైకి తోసుకో. ఆఁ, కానీ."

ఆమె చెమటలు కక్కుతూ విసిరింది. అదొక్కటే కాదు. రోట్లో పచ్చడి నూరడం, చేటతో చెరగడం, ఇత్తడి బిందెలో నీళ్ళు నిండడం, అన్నీ ఆమె చేతే చేయించి, ఫోనులో పట్టి, వికీపీడియాలోకి ఎక్కించాడు. ఆమెకి అర్థమైందల్లా ఒక్కటే. ఈయన చప్పుళ్ళన్నీ ఊరికే తీసుకెళ్ళి కంప్యూటర్లో పోస్తున్నాడు. ఏ కంప్యూటర్ ఈయన్ని ఇంట్లో కూర్చోబెట్టిందో, దాని నోట్లోనే పోస్తున్నాడు.

ఇద్దరి మధ్యా ఉన్న తిరకాసు అదే. ఆమె లెక్కలో ఆ కంప్యూటరూ, ఈ వికీపీడియా ఒకటే. థియేటర్లో చప్పుళ్ళు అందులోంచే తీస్తారు, ఈయన అందులోనే వేస్తున్నాడు. ఫిల్మ్‌నగర్లో ఎవరైనా ఏదైనా ఊరికే తీసుకున్నారంటే వెనక ఎవరో దాన్ని అమ్ముకుంటున్నట్టే. అన్నేళ్ళు అక్కడ బతికిన ఆమెకి ఇంకోలా తోచలేదు.

ఏడాదికోసారి ఆ పేజీ మీద ఒక విన్నపం వచ్చేది. దీన్ని నడపడానికి తోచినంత సాయం చెయ్యండి అని. అది వచ్చినప్పుడల్లా శాంతరాజు తల గోక్కుంటూ వంటింటి గుమ్మంలో నిలబడేవాడు.

"ఒక మూడొందలు ఇద్దామే."

"ఎందుకు?"

"చదువుకుంటున్నాం గదా."

"చప్పుళ్ళు ఊరికే ఇచ్చావు. పైగా ఎదురు డబ్బులా?"

"అది వేరు, ఇది వేరే అంతోనమ్మా. నే చెప్పేది..."

"నువ్వు చెప్పేది నాకు తెలుసులే. పో, వెళ్ళి స్నానం చెయ్యి."

ఆయన స్నానానికి వెళ్ళేవాడు. నవ్వుకుంటూనే వెళ్ళేవాడు.

ఆఖరిసారి అడిగినప్పుడు నవ్వు లేదు. అప్పటికి గుండె జబ్బు పట్టుకుని, నాలుగు మెట్లెక్కితే ఆగిపోతున్నాడు. దీనా జీతం మందులకే చాలడం లేదు. ఆ పూట అంతోనమ్మ మందుల దుకాణం నుంచి వచ్చి, చెమట తుడుచుకోకముందే ఆయన ఫోను చూపించాడు. "మళ్ళీ అడుగుతున్నారే. ఈసారి నా టానిక్కు మానేద్దాం. అది తాగినా ఒకటే, తాగకపోయినా ఒకటే."

ఆమెకి ఎక్కడ మండిందో, "నీ పొట్ట కొట్టినవాడికి నువ్వే చందా కడతావా? కాస్త సిగ్గుండాలి మనిషికి" అనేసింది.

శాంతరాజు ఏదో అనబోయాడు. నోరు తెరిచాడు కూడా. ఆమె అప్పటికే సంచీ దులుపుతూ లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి చూసేసరికి ఫోను బోర్లా పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వానాకాలం గడవకుండానే పోయాడు.

యూనియన్ వాళ్ళు వచ్చారు, దండ వేశారు. ఫాదర్ గారు మంచి మాటలు చెప్పారు. అందరూ వెళ్ళిపోయాక ఇంట్లో చప్పుడనేది లేకుండా పోయింది. గరిటె పెట్టిన చోటే ఉంటుంది. ఉందో లేదోనని చూసుకోవడం మాత్రం ఆమెకి పోలేదు.

ఆయన పోయి ఏడాది కావస్తుండగా తిరుమలేశ్ వచ్చాడు. థియేటర్లో సౌండ్ మిక్సింగ్ చేస్తాడు. శాంతరాజు దగ్గర పని నేర్చుకున్నవాడే. షేక్‌పేట వాడు. వచ్చి, మంచినీళ్ళు తాగి, కాసేపు నసిగాడు.

"అమ్మా, ఏమనుకోవద్దు. సార్ పాత బూట్లు గిట్ల ఉన్నయా? ఒక పాత పోలీసోని పాత్ర ఉన్నది. మస్తు చూసినం, గా నడక చప్పుడు ఏడా దొర్కుతలేదు."

అంతోనమ్మకి అన్నాళ్ళుగా గొంతులో ఉన్నది బయటికొచ్చింది. "మీ కంప్యూటర్లో లేవా నాయనా? వందల కొద్దీ ఉన్నాయన్నారుగా. మా ఆయన కూడా బోలెడు పోశాడు అందులో, ఊరికే. వికీపీడియాలో చూసుకోండి."

తిరుమలేశ్ అర్థం కానట్టు చూశాడు. "వికీపీడియా ఏందమ్మా? మేం వాడేది గది కాదు. మాది బయటి కంపెనీది. ఏడాదికి ఇంతని కిరాయి కడ్తం. కట్టకుంటె తాళమేస్తడు."

"మరి ఆయన పెట్టినవి?"

"సార్ పెట్టినవి వేరే. గవి ఎవ్వరైనా వినొచ్చు. బళ్ళె పిల్లలు వింటరు, టీచర్లు వింటరు. గీడ ఎవలూ అమ్ముకునేది లేదు, అడ్వర్టైజ్‌మెంట్ లేదు. నాకంటె సార్ చూపించిండు గని, మా థియేటరోళ్ళకైతె సార్‌వి గాడ ఉన్నయనే తెల్వదు."

"ఆయన పని పోయింది దీని వల్ల కాదా?"

"అరే, దీనికీ దానికీ సంబంధమే లేదమ్మా. సార్ మీకు చెప్పలేదా?"

అంతోనమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "చెప్పబోయాడు" అంది.

తిరుమలేశ్ ఆమె ముఖం చూసి, మాట మార్చడానికన్నట్టు తన ఫోను తీసి తిరగలి పేజీ తెరిచాడు. పక్కన చిన్న గుర్తు ఉంది. దాన్ని నొక్కాడు.

రాయి మీద రాయి తిరుగుతున్న చప్పుడు. గరగరమంటూ మొదలై, పెసలు నలిగేకొద్దీ మెత్తబడుతూ వచ్చింది. మధ్యలో ఒకచోట గాజు తగిలింది. పైకి తోసుకోమన్నా జారింది కాబోలు. చివరికి తిరగలి ఆగింది. ఆగాక ఆమె గొంతే, ఆయాసంతో, "అయిందా? అవతల పప్పు మాడుతోంది" అంది. ఆ వెంటనే మగ గొంతు, చాలా దగ్గర నుంచి, నవ్వు ఆపుకుంటూ "ష్" అంది. అంతే.

"గిది చూడుండ్రి" అన్నాడు తిరుమలేశ్. "చప్పుడు అయిపోంగనే ఎన్కది కట్ చెయ్యాలె. చెయ్యకుంటె మమ్మల్ని తిట్టేటోడు. గిది ఎందుకు ఉంచిండో మరి."

అంతోనమ్మ లేచింది. లోపలికి వెళ్ళి బూట్ల పెట్టె మొత్తం తెచ్చి ఇచ్చేసింది. అతను డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

సాయంత్రం దీనా వచ్చాక చెప్పింది. ముందు తిరగలి సంగతి చెప్పి, తర్వాత చందా సంగతి చెప్పింది. ఆ వారమే మళ్ళీ విన్నపం వస్తోందని దీనాకి తెలుసు. తన ఫోనులోనూ కనిపిస్తోంది.

"అమ్మా, నువ్వు బాధపడతావని కాదు గానీ, నిజం చెబుతా విను" అంది దీనా. "వాళ్ళకి డబ్బు బాగానే ఉందంట. మా క్లినిక్‌లో భువన మేడం అన్నారు. నాన్నలా రాసేవాళ్ళకి అందులో రూపాయి కూడా రాదు. కంప్యూటర్లు నడపడానికీ, ఆఫీసు వాళ్ళ జీతాలకీ పోతుంది. మనం ఇచ్చినా నడుస్తుంది, ఇవ్వకపోయినా నడుస్తుంది. నాన్న చప్పుళ్ళు ఎక్కడికీ పోవు."

"పోవా?"

"పోవు. డబ్బులిచ్చినవాళ్ళవే ఉంచడం అక్కడ లేదు."

అంతోనమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ వింది. "చర్చికి డబ్బులు లేవనే ఇస్తున్నామంటావా ప్రతి ఆదివారం?" అంది.

"అది దేవుడికి."

"దేవుడికి మాత్రం లోటా?"

దీనా నవ్వింది. "సరే, ఇద్దాంలే. ఎంత?"

"మూడొందలు. ఆయన అడిగింది అంతే."

ఫోను పట్టుకుని ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. ఆమె ఆ ఉదయమే చర్చికి వెళ్ళి, పోయి ఏడాదైనందుకు చేయించే సంవత్సరం పూజకి శాంతరాజు పేరు ఇచ్చి వచ్చింది. కానుక ఇస్తే పేరు రాసుకుంటారు, పూజలో ఫాదర్ గారు ఆ పేరు చదువుతారు, పదిమందీ వింటారు. ఇదీ అట్లాంటిదే అనుకుంది ఆమె. ఊరూపేరూ లేనివాళ్ళు ఎక్కడెక్కడో కూర్చుని ఒకరోజు పేర్లన్నీ చదువుతారని కాకపోయినా, ఎక్కడో ఒకచోట ఉంచుతారని.

"నాన్న పేరు సరిగ్గా కొట్టు. ఇంటి పేరు కూడా."

"అమ్మా, నాన్న పేరు పెట్టకూడదు. డబ్బు నీ అకౌంట్లోంచి పోతోంది గదా. ఎవరు కడితే వాళ్ళ పేరే."

"నాన్న అకౌంట్లోంచి కట్టు మరి."

"అది మూసేశారు గదమ్మా. నువ్వే సంతకం పెట్టావు."

అంతోనమ్మ ఫోను మీదికి వంగింది. "పోయినవాళ్ళ తరఫున అని రాసే చోటు ఉందేమో చూడు."

దీనా పైకీ కిందికీ జరిపి చూసింది. "నాకు కనిపించట్లేదు" అంది. "వాళ్ళు పేర్లు చదవరమ్మా. పూజ లాంటిది కాదిది."

"అయితే నా పేరే పెట్టు."

పెట్టింది. అంకె కొట్టి, నొక్కాల్సిన చోటు చూపించి, "నువ్వే నొక్కు" అంది. అంతోనమ్మ చేతికి అంటిన బియ్యపు తవుడు చీరకి తుడుచుకుని నొక్కింది. ఇంత తేలికగా అయిపోతుందని ఆమెకి తెలీదు. ఆయన ఏళ్ళ తరబడి తల గోక్కుంటూ గుమ్మంలో నిలబడింది ఈ ఒక్క నొక్కు కోసమా అనిపించింది. కూర మాడకుండా కలిపినంత సేపు కూడా పట్టలేదు.

మర్నాడు పొద్దున దీనా పనికి బయల్దేరుతూ, "అమ్మా, వాళ్ళు ఉత్తరం పంపారు" అని తెలుగులో చెప్పి వినిపించింది. అంతోనమ్మ గారికి కృతజ్ఞతలు. మీలాంటి దయగలవారి వల్లే జ్ఞానం అందరికీ అందుతోంది. అట్లా ఏదో, బాగానే రాశారు.

అంతోనమ్మ గోడకి ఆనుకుని విన్నది. దయగలవారు అన్నచోట ఆమె ముఖం ఒకలాగైంది.

"ఆపు" అంది. "వాళ్ళకి జవాబు రాయి."

"ఇది మనిషి రాసింది కాదమ్మా. ఇచ్చినవాళ్ళందరికీ మిషనే పంపిస్తుంది. మనం రాసినా ఎవరూ చూడకపోవచ్చు."

"అయినా రాయి."

"నాకు టైమవుతోంది."

"బస్సు ఇంకోటి వస్తుంది. కూర్చో."

దీనా భుజానికున్న సంచీ దించి కూర్చుంది. అంతోనమ్మ చదువు అయిదో తరగతితో ఆగింది. ఉత్తరం చెప్పి రాయించడం ఆమెకి అలవాటు లేదు. మాట కోసం కాసేపు వెతుక్కుని, ఆగి ఆగి చెప్పింది.

"అయ్యా, ఆ మూడొందలూ మా ఆయన శాంతరాజువి. బతికుండగా ప్రతి ఏడూ ఇస్తానని అడిగాడు. నేనే ఇవ్వనివ్వలేదు. మీరు వేరే వాళ్ళనుకున్నాను. ఆయన చెప్పబోతే వినలేదు. దయగలవారని మీరు రాసింది ఆయనకి చెందుతుంది. నాకు రాయకండి."

దీనా వేళ్ళు ఆగాయి. "తిరగలి విసిరింది నువ్వేనని రాయనా? నీ గొంతుంది గదా అందులో."

"వద్దు. అది వాళ్ళకెందుకు?"

పంపించి, కళ్ళు తుడుచుకుని దీనా వెళ్ళిపోయింది. అంతోనమ్మ ఆ పూట వంట చేసింది, బట్టలు ఆరేసింది, సంవత్సరం పూజకి ఎంతమంది వస్తారో చూసుకుని బియ్యం కొలిచి పెట్టింది. పూజ బాగా జరిగింది. ఫాదర్ గారు పేరు చదివారు.

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. రాదని దీనా ముందే చెప్పింది కాబట్టి ఆమె ఎదురుచూడటం లేదనే చెప్పుకుంది. కానీ సాయంత్రం దీనా గడపలో చెప్పులు విడుస్తుంటే, ఏమన్నా ఉందా అన్నట్టు ముందు ఆ పిల్ల చేతిలో ఉన్న ఫోను వైపే చూసేది.